వెనక బెంచీకి అందే శ్రుతి

చెన్నైలో తెలుగు ఆరాధన జరిగే చర్చిల్లో హార్మోనియం వాయించేవాళ్ళకు కొదవలేదు. పాట ఎత్తుకునే ముందు వెనక బెంచీలో కూర్చున్న పెద్దావిడ గొంతు ఎంతదాకా వెళ్తుందో ఆలోచించి శ్రుతి పెట్టేవాళ్ళే అరుదు. మేమంతా అన్నా అని పిలుచుకునే మా మిత్రుడు ఆ కోవ మనిషి. పేరు రాస్తే ఒప్పుకోరు కాబట్టి రాయడం లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఆయన్ని పొగిడితే వినరు, లేచి వెళ్ళిపోతారు. అందుకే ఆయన పని ఎలా చేస్తారో వివరంగా రాసిపెడుతున్నాం. పదిమందితో పాడించే బాధ్యత నెత్తిన పడ్డ ఎవరికైనా పనికొస్తుంది.

ముందు శ్రుతి సంగతి. సంఘం, అంటే ఆరాధనకు వచ్చినవాళ్ళంతా కలిసి పాడే పాటలు ఎక్కువగా చెడేది అక్కడే. పాట నడిపించేవాళ్ళు తమ గొంతుకు నప్పే శ్రుతిలో ఎత్తుకుంటారు. మగ గొంతైతే ఒకటిన్నర (కీబోర్డు మీద సి షార్ప్), ఆడ గొంతైతే ఐదున్నర (జి షార్ప్). కచేరీకి అది సరే. ఆడా మగా, పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి పాడాల్సిన చోట అది సగంమంది నోరు మూయిస్తుంది. అన్న లెక్క తిరగేసి ఉంటుంది. పాట మొత్తంలో అన్నిటికన్నా పైన తగిలే స్వరం ఏది, అన్నిటికన్నా కింద తగిలేది ఏది అని ముందు చూస్తారు. ఆడవాళ్ళ గొంతులో పై స్వరం కీబోర్డు మీది పై డి దగ్గర ఆగాలి, మరీ తప్పకపోతే ఇంకో అరమెట్టు (నల్లవీ తెల్లవీ కలిపి పక్కనే ఉన్న కీ). కింద స్వరం కీబోర్డు నడిమి సి కిందున్న ఎ కన్నా దిగకూడదు. మగవాళ్ళు అదే వరస ఒక స్థాయి దించి పాడుకుంటారు. పాట మంద్ర పంచమం (కింది ప) నుంచి తారషడ్జం (పై స) దాకా తిరిగితే షడ్జాన్ని రెండు శ్రుతిలో, అంటే డిలో పెడితే రెండు కొసలూ సరిగ్గా సరిపోతాయి.

చిక్కు వచ్చేది చరణంలో తార గాంధారం (పై గ) తగిలే పాటలతో. శంకరాభరణంలోనో కల్యాణిలోనో ఉన్న పాట పైన గాంధారం దాకా ఎక్కి, కింద మంద్ర పంచమానికి దిగిందంటే ఏ శ్రుతిలో పెట్టినా ఎవరో ఒకరికి అందదు. అప్పుడాయన ఒకటి శ్రుతి పెట్టి, చరణంలో ఎక్కే ఆ ఒకటి రెండు పాదాలను క్వయర్‌కి, అంటే సాధన చేసిన పాటల బృందానికి వదిలేస్తారు. సంఘం పల్లవి దగ్గర కలుస్తుంది. ఇది ముందే చెప్పాలి. చెప్పకపోతే అందరూ పైకి ఎక్కబోయి గొంతు చీరుకుని, తర్వాతి చరణంలో పెదాలు మాత్రమే కదిలిస్తారు. పొద్దున 7 గంటల ఆరాధనకు ఏ పాటైనా అరమెట్టు దించుతారు, ఎందుకంటే నిద్ర లేచిన గొంతు ఇంకా కిందే ఉంటుంది. సమాధుల దగ్గర పాడేటప్పుడు ఒక మెట్టు దించుతారు. ఆరుబయట మన గొంతు మనకు తిరిగి వినపడదు, దాంతో తెలియకుండానే అరుస్తాం. పైగా అక్కడున్నవాళ్ళు ఏడ్చి ఉంటారు.

తబలా ఉంటే శ్రుతి మార్చడం ఇంకో తలనొప్పి. సుత్తితో, గట్టాలతో (పక్కన బిగించే చెక్క ముక్కలతో) ఒక తబలాను అరమెట్టు, మహా అయితే ఒక మెట్టు కదిలించవచ్చు. అంతకు మించి లాగితే మూత మీద భారం పడుతుంది, నాదం చస్తుంది. కాబట్టి ఆరాధనలో పాటల వరస రాసుకునేటప్పుడే ఒకే శ్రుతిలో నడిచేవి పక్కపక్కన పెట్టుకోవాలి. అయ్యగారి ప్రసంగం అయ్యాక కావాలంటే శ్రుతి మార్చుకోండి, అప్పుడు చేతిలో సమయం ఉంటుంది. వానరోజు తోలు మెత్తబడి శ్రుతి దిగుతుంది. ఆరాధనకు అరగంట ముందే తబలాను సంచిలోంచి తీసి హాల్లో పెడితే అక్కడి గాలికి అలవాటు పడుతుంది. ఫ్యాను కిందో ఏసీ ఎదురుగానో పెట్టి శ్రుతి చేస్తే మాత్రం రెండో పాటకే మళ్ళీ సుత్తి పట్టాలి.

కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా, ఇంత లెక్కెందుకు అంటారు కుర్రాళ్ళు. ఆ బటన్ వల్ల జరిగే గందరగోళం అంతా ఇంతా కాదు. శనివారం ఎవరో రెండు అరమెట్లు పెంచి వదిలేస్తారు. ఆదివారం ఇంకొకరు వచ్చి డి అనుకుని నొక్కితే ఈ (E) స్వరం పలుకుతుంది, గిటారు వేరే దారిలో పోతుంది. చాలా కీబోర్డుల్లో స్విచ్ ఆపితే సున్నాకి వస్తుంది, కొన్నిటిలో రాదు. అందుకని కీబోర్డు మీద చిన్న చీటీ అంటించారు: ఆపేముందు సున్నా చేయండి. ఆ చీటీ పెట్టాక తగువు తగ్గింది.

తాళం విషయంలో మాత్రం ఆయన మొండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు తల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. 1803 నుంచి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరిగారి లాంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణాలుగా కట్టిన కీర్తనల్లో మాట నడకే తాళం నడక. గురువులు, లఘువులు ఏడు అక్షరాల చాపు తాళంలో కుదురుగా కూర్చుంటాయి. దీన్ని కీబోర్డులోని రెడీమేడ్ రిథమ్ మీద పెడితే ఏమవుతుంది? మామూలు కీబోర్డుల్లో ఉండేవి చాలావరకు నాలుగు లెక్కవి, మూడు లెక్కవి, ఆరు లెక్కవి. ఏడుకు దొరక్క, చివరి అక్షరాన్ని ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేస్తారు, లేదా ఒక మాత్ర మింగేసి ఆరు చేస్తారు. సాగదీస్తే పాట నీరసపడుతుంది, మింగితే మాట విరుగుతుంది. దీర్ఘం హ్రస్వమై అర్థమే మారిపోయిన చోట్లూ ఉన్నాయి. చాపు పాట వచ్చిందంటే అన్న రిథమ్ ఆపించి తకిట తకధిమి అని చేత్తో కొట్టిస్తారు. తబలా లేకపోతే చప్పట్లే, మొదటి దెబ్బ, నాలుగో దెబ్బ మాత్రం.

సాధన శనివారం సాయంత్రం, గంటంపావు. ముందు పాట పాడరు, చదువుతారు. తాళం వేస్తూ మాటలు మాత్రమే, రాగం లేకుండా, రెండు సార్లు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తేల్చి పెన్సిలుతో గీత పెడతారు. తర్వాత పల్లవి, ఆ వెంటనే ఆఖరి చరణం. మొదటి చరణం అందరికీ వచ్చే ఉంటుంది. ఆఖరిదానికి వచ్చేసరికి సాధన సమయం అయిపోతుంది, అందుకే ఆదివారం అక్కడే బండి ఆగుతుంది. తిరగేసి నేర్పితే ఆ బాధ లేదు. సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే వరసలు) క్వయర్‌కి కూడా ఒకటో రెండో ఇస్తారు, అదీ పల్లవి రెండోసారి వచ్చినప్పుడే. మొదటిసారి సాదాగా పాడితేనే సంఘానికి దారి తెలుస్తుంది.

తోడి, సావేరి లాంటి రాగాల్లో ఉన్న పాటలకు ఆయన హార్మోనియం దాదాపు వాయించరు. షడ్జ పంచమాలు పట్టి ఊరుకుంటారు. తోడి గాంధారం ఊగుతూ ఉండాలి, హార్మోనియం మెట్టు ఊగదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించి 1971లో గానీ సడలించకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. నిషేధం అన్యాయమే అంటారాయన, కానీ ఆ విమర్శలో నిజం ఉందని కూడా ఒప్పుకుంటారు. పెద్దవాళ్ళు పాత బాణీలో గమకం వేసుకుంటూ పాడుతుంటే పైన మెట్ల మోత మోగించడం వాళ్ళ పాటను తొక్కేయడమే.

పెద్ద హాళ్ళలో పాట ఎందుకు ఈడుస్తుందో ఆయన లెక్కవేసి చూపిస్తారు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ముందు నుంచి వెనక్కి 30 మీటర్లుంటే వెనకవాళ్ళకు దాదాపు 0.09 సెకను ఆలస్యంగా వినపడుతుంది. వాళ్ళు అప్పుడు పాడితే అది ముందుకు రావడానికి మళ్ళీ అంతే. నిమిషానికి 72 దెబ్బల నడకలో ఒక దెబ్బకు 0.83 సెకను. అంటే పాట నడిపించేవాళ్ళకు సంఘం గొంతు దెబ్బలో ఐదో వంతు వెనకగా చేరుతుంది. పాపం సంఘం వెనకబడింది అని ఆగారా, వాళ్ళు ఇంకా ఆగుతారు. నాలుగో చరణానికి నడక 60కి పడిపోతుంది. ఆగకూడదు, పరుగెత్తకూడదు. తాళం దెబ్బ గట్టిగా, పొడిగా వినపడాలి. ఎత్తైన కప్పున్న పాత చర్చిల్లో గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి హల్లులు కొరికినట్టు పలకాలి, అచ్చులు సాగదీయకూడదు. మైకులు క్వయర్‌కి రెండు చాలు. మనిషికొక మైకు ఇస్తే గట్టిగా అరిచేవాడి గొంతే బయటికొస్తుంది, స్పీకరు పాడేవాళ్ళ వెనక ఉండి మైకు వైపు తిరిగి ఉంటే కూత తప్పదు.

పాటల కాగితం గురించి చెప్పకపోతే ఇది చెన్నై కథే కాదు. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళమో ఇంగ్లిషో చదువుతారు. తెలుగు అక్షరాలు రావు. సరే, తమిళ లిపిలో రాసిద్దామంటే అందులో కకారం గకారం, తకారం దకారం, పకారం బకారం వేరుగా ఉండవు. నా బాధ అని రాస్తే పిల్లాడు నా పాద అని పాడతాడు, దేవుడు అర్థం చేసుకుంటాడనుకోండి. అందుకని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, ఒక పద్ధతితో: దీర్ఘానికి అచ్చు రెండుసార్లు, ళకార ణకారాలకు పెద్ద అక్షరం, ఖ, ఘ, భ లాంటి ఒత్తులకు పక్కన హెచ్. పద్ధతి ఒక్కసారి నేర్పితే పిల్లలు పట్టేస్తారు. దాని పక్కనే తెలుగు లిపిలో అదే పాట ఉంటుంది, కొన్నాళ్ళకు కళ్ళు అటు మళ్ళుతాయని ఆశ. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గవు. ఊపిరి తీసుకునే చోట పంక్తి తెగుతుంది. లామినేషన్ చేయించరు, ట్యూబులైటు మెరిసి పెద్దవాళ్ళకు కనపడదు. మందపాటి మామూలు కాగితం, ఫ్యాను గాలికి ఎగరకుండా అట్టకు క్లిప్పు.

ఇదే పద్ధతి తమిళ పొరుగువాళ్ళకూ పనికొచ్చింది. తంజావూరు వేదనాయక శాస్త్రియార్ కాలం నుంచి, అంటే 1774–1864 నాటి నుంచి, తమిళ క్రైస్తవుల కీర్తనలూ కర్ణాటక రాగాల్లోనే ఉన్నాయి. వరస వాళ్ళ చెవికి కొత్త కాదు, మాట ఒక్కటి అందిస్తే చాలు.

ఇక హార్మోనియం. సముద్రపు గాలిలో ఇత్తడి రీడ్లు మసకబారతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు చెక్క ఉబ్బుతుంది. రోగం కనిపెట్టే వరస ఇది. స్టాపులన్నీ (ముందువైపు లాగే బుడిపెలు) మూసి తిత్తి నాలుగైదుసార్లు కొట్టండి. లోపలి తిత్తి నిండి, బయటి తిత్తి ఇక నొక్కనివ్వకుండా నిలబడితే గాలి కారడం లేదు. మెత్తగా లోపలికి పోతుంటే ఎక్కడో కారుతోంది. వెలిగించిన అగరుబత్తిని కాస్త ఎడంగా అంచుల వెంబడి తిప్పితే పొగ ఊగినచోట చిల్లు. ఎక్కువసార్లు అది తిత్తి మడతల మూలల్లోనే ఉంటుంది. అక్కడ సెల్లోటేపు అంటించకండి. జిగురు ఎండి మడత బిగుసుకుని పక్కన ఇంకోచోట చిరుగుతుంది. పలచని మేకతోలు ముక్క, తోలుకు వాడే జిగురు, తిత్తి తెరిచి ఉంచి ఒక రాత్రి ఆరబెట్టడం. అంతే.

నొక్కకుండానే ఒక మెట్టు మోగుతుంటే మెట్టు ఉబ్బి పక్కదానికి రాసుకుంటోందో, మూత కింద దుమ్ము పడిందో, స్ప్రింగు అలసిందో. వాన తగ్గిన రెండు రోజులకు దానంతటదే సర్దుకుంటే ఉబ్బే కారణం. అలాంటప్పుడు మెట్టును ఉప్పుకాగితంతో రుద్దేస్తే వేసవిలో వదులై కటకటలాడుతుంది. మెట్టు నొక్కినా మోగకపోతే రీడు కింద నలుసు ఇరుక్కుందన్నమాట. ఆ మెట్టు పట్టుకుని తిత్తి పొట్టిగా, గట్టిగా కొడితే చాలాసార్లు ఊడిపోతుంది. ఊడకపోతే తెరిచి మెత్తని బొమ్మల కుంచెతో దులపాలి. రీడు నాలుకను వేలితో ముట్టుకోకూడదు, చెమట ఉప్పుకి ఇత్తడి చెడుతుంది. నూనె, స్ప్రే ఏదీ వద్దు, దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి. శ్రుతి తప్పిన రీడును సరిచేసేది గీకి: కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఇది తెలుసుకోవడం వరకే మన పని. గీకిన ఇత్తడి తిరిగి రాదు, పనివాడికే ఇవ్వండి. ఈలోపు కీబోర్డుతో కలవకపోతే హార్మోనియం ఎ స్వరాన్ని ఫోనులోని ట్యూనరుతో చూసి, 443 హెర్ట్జ్ చూపిస్తే కీబోర్డు ట్యూనింగు కూడా 440 నుంచి 443కి జరిపేయవచ్చు. మారగలిగేది కీబోర్డే కదా. పెట్టెలో రెండు సిలికాజెల్ పొట్లాలు, బట్టలో కట్టిన రెండు కలరా ఉండలు. ఎండలో మాత్రం పెట్టకూడదు, చెక్క పగులుతుంది.

ఈ హార్మోనియాన్ని ఆయన ఎవరడిగినా ఇస్తారు. భజన మండలికీ ఇచ్చారు. తిత్తి కొక్కెం పెట్టాలి, ఇద్దరు మోయాలి, టూవీలర్ మీద అడ్డంగా పెట్టకూడదు. షరతులు అంతవరకే, అద్దె లేదు.

క్రిస్మస్ కేరల్స్‌కి అది రాదు, డిసెంబరు తుంపర దానికి పడదు. గిటారు, ఒక డోలక్, ఇంటికి మూడు పాటలు. గుమ్మం ముందు కాకుండా మెట్ల మలుపులో నిలబడితే గోడలు గొంతును మోస్తాయి, మైకు అక్కర్లేదు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకరు ఎలాగూ నిషేధమే. ఆయన 9.30కే ముగిస్తారు. ఫ్లాట్లలో ముందురోజే వాచ్‌మన్‌ని అడిగి పరీక్షలకు చదివే పిల్లలున్న ఇల్లు, జబ్బుమనిషి ఉన్న ఇల్లు రాసుకుంటారు. పరీక్షల ఇంటి దగ్గర ఒక్క పాటతో సరి. జబ్బుమనిషి ఉన్నచోట అడిగి, రమ్మంటే లోపలికెళ్ళి కూర్చుని పాడతారు.

ఆస్పత్రుల పని కేరల్స్ కన్నా పాతది. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. సెంట్రల్‌లో దిగితే ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆస్పత్రి. అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో 1954లో మొదలైన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి మన ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు కూడా తక్కువ కాదు. అక్కడ పాడటానికి ఆయన పెట్టుకున్న కట్టుబాట్లు గట్టివి. ముందు నర్సు అనుమతి. ఐసీయూలో వద్దు. వాద్యం వద్దు. పది నిమిషాలు, రెండు పాటలు, మాట్లాడే గొంతు కన్నా పెంచకూడదు. మంచం మీద కూర్చోకూడదు. ఏ పాటో రోగినే అడగాలి. క్రైస్తవులు కానివాళ్ళు అన్నమయ్య కీర్తన అడిగితే, వస్తే పాడాలి, రాకపోతే పక్కన కూర్చుని వాళ్ళ చేతే పాడించుకోవాలి. మతం మాట అక్కడ ఎత్తకూడదు. ఈ చివరి నియమం గురించి సంఘంలో కొందరికి ఆయనతో పేచీ ఉంది. ఆయన వాదించరు, నియమమూ మార్చరు. పండ్లు పట్టుకెళ్ళే ముందు షుగరుందో లేదో అడగాలి. ఆ డబ్బు తోడుగా వచ్చినవాళ్ళ భోజనానికి ఇస్తే మేలు, ఎందుకంటే రోగికి ఆస్పత్రి పెడుతుంది, తోడొచ్చినవాళ్ళు బన్నూ టీతో గడిపేస్తుంటారు.

పాటకన్నా ఎక్కువమందికి పనికొచ్చింది ఆయన రాసిన ఒక పేజీ కాగితం. తమిళ మాటలు తెలుగు అక్షరాల్లో: చీటీకి చీట్టు, వరసకు వరిసై, మందుల కొట్టుకు మరుందగం, రక్తపరీక్షకు రత్త పరిసోదనై. అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు, సాప్పాట్టుక్కు మున్, సాప్పాట్టుక్కు పిన్. తిండికి ముందు, తిండికి తర్వాత. మందులిచ్చే కిటికీ దగ్గర ఆ ముక్క తప్పుగా వింటే మాత్రలన్నీ తలకిందులవుతాయి. వినపడకపోతే కాగితం కిటికీలోకి చాపి వేలు పెట్టమనాలి. కాగితం వెనక్కి తిప్పితే, వెంట తెచ్చుకోవలసినవి: పాత రిపోర్టులు తేదీ వరసన, వాడుతున్న మందుల అట్టలు, ఆధార్, రేషన్ కార్డు జెరాక్సులు. ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఈ ఆస్పత్రిలో ఈ జబ్బుకు చెల్లుతుందా అని చేరకముందే కౌంటరులో అడగాలి, చేరాక అడిగితే ఆలస్యం.

ఆయన దగ్గర తబలా నేర్చుకున్న ఆటో డ్రైవరు ఒకాయన ఇప్పుడు ఆ కాగితం కట్ట బండిలోనే పెట్టుకుని తిరుగుతున్నాడు, సెంట్రల్ దగ్గర తెలుగు వినపడితే ఒకటి తీసిస్తాడు. శనివారం సాధనను నడిపేది ఒకప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో చూసి పాడిన అమ్మాయే, ఇప్పుడు తెలుగు చదువుతుంది. అన్నకు ఈమధ్య మోకాళ్ళ నొప్పులు, నేలమీద కూర్చోలేరు, హార్మోనియం బల్లమీదికి ఎక్కింది. అన్నా, మీకు మా వందనాలు. ఇందులో ఏ లెక్కయినా తప్పితే శనివారం వచ్చి దిద్దండి, కాగితం కొత్తగా అచ్చు వేయించేలోపు.